తీర్పు చదివి చెప్పే దుకాణం, నల్గొండ

నల్గొండ కోర్టు పరిసరాల్లో టైపింగ్ దుకాణాలకు కొదవ లేదు. వకాల్తా ఫారం, కోర్టు ఫీజు స్టాంపు, అఫిడవిట్, జిరాక్స్ ఎక్కడైనా దొరుకుతాయి. ధరల్లోనూ పెద్ద తేడా ఉండదు. నేను రాస్తున్నది వాటిలో ఒక దుకాణం గురించి, అదీ అక్కడ జరిగే ఒక్క పని గురించి. ఇంగ్లీషులో ఉన్న తీర్పు నకలు పట్టుకుని వెళ్తే, మొదటి పేజీలో ముద్దాయి పేరు దగ్గర నుంచి చివరి పేజీలో ముద్ర దాకా చదివి, తెలుగులో విడమరిచి చెబుతారు. బోర్డు మీద ఈ సంగతి ఉండదు. 'టైపింగ్, జిరాక్స్, లామినేషన్' అని మాత్రమే ఉంటుంది. అందులోనూ 'లా' ఎప్పుడో రాలిపోయింది.

దుకాణం నడిపేది డెబ్బై దాటిన ఒక పెద్దాయన. ఉద్యోగమంతా ఒక క్రిమినల్ వకీలు దగ్గర గుమాస్తాగిరీయే. వకీలు పోయాక ఆయన గదిలోని బల్ల, రెండు బీరువాల లా జర్నళ్లు, ఒక టైపు మిషను ఈయనకు దక్కాయి. మిషను ఇప్పుడు పనిచేయదు. కంప్యూటరు మీద మనవడు కొడతాడు, పెద్దాయన పక్కన కూర్చుని చెబుతారు. నాది పట్టణంలోనే విత్తనాలు, పురుగుమందుల వ్యాపారం. రోజంతా కౌంటరు వెనుక నిలబడేవాణ్ని కాబట్టి ఇంకొకరి దుకాణానికి వెళ్తే నా చూపు ముందుగా సరుకు మీదా, బిల్లు మీదా పడుతుంది. ఈ సమీక్షను ఆ లెక్కలోనే చదువుకోండి.

పది పేజీల లోపు తీర్పుకు 150 రూపాయలు. ఆపైన బేరం. హత్య కేసుల తీర్పులు చాంతాడంత ఉంటాయి, వాటికి 500 అడుగుతారు, 400 చేతిలో పెడితే మాట్లాడరు. ఈ మాత్రం పని వకీలే చేయడా అంటారేమో. చేస్తాడు, కానీ రెండు ముక్కల్లో చేస్తాడు: గెలిచాం, లేదా ఓడిపోయాం, పైకోర్టుకు పోదాం. మధ్యలో జడ్జి ఏం రాశాడో చెప్పే తీరిక ఆయనకు ఉండదు, అడిగే ధైర్యం మనకు ఉండదు.

పెద్దాయన చదివే పద్ధతి వేరు. నకలు అందుకోగానే మొదటి పేజీ చూడరు, చివరికి తిప్పుతారు. అక్కడ సాక్ష్యాల పట్టిక ఉంటుంది. పి.డబ్ల్యూ.1 (అంటే ప్రాసిక్యూషన్ సాక్షి) ఎవరు, పి.డబ్ల్యూ.2 ఎవరు, ఎక్స్. పి1 ఏ కాగితం, ఎం.ఓ.1 ఏ వస్తువు అని. దాన్ని ముందు ఒక తెల్ల కాగితం మీద తెలుగులో రాసిస్తారు, నంబరు పక్కన మనిషి వచ్చేలా. పి.డబ్ల్యూ.3 అంటే రైతుకు ఏం తెలుస్తుంది? 'మీ పక్క చేను ఆసామి' అంటే తెలుస్తుంది. ఆ తర్వాతే మొదటి పేజీకి వస్తారు.

నేను అక్కడ కూర్చుని ఉండగా దేవరకొండ వైపు నుంచి తండ్రీకొడుకులు వచ్చారు. గట్టు తగాదాలో తండ్రి తల పగిలి కుట్లు పడ్డాయి. కేసు కొట్టేశారు. "జడ్జి అమ్ముడుపోయాడు" అంటూనే కొడుకు బెంచీ మీద కూర్చున్నాడు. పెద్దాయన ఆ మాట పట్టించుకోలేదు. పట్టిక రాసిచ్చి చదవడం మొదలుపెట్టి, ఒక పేరా దగ్గర ఆగారు. గొడవ సాయంత్రం ఆరింటికి జరిగిందని తండ్రి బోనులో చెప్పాడు. గాయాల సర్టిఫికెట్‌లో మాత్రం మధ్యాహ్నం మూడింటికే పరీక్షించినట్టు ఉంది. దెబ్బ తగలకముందే డాక్టరు గాయం చూసినట్టయింది. పక్క చేను ఆసామి ఒక్కడే బయటి సాక్షి, అతడు కోర్టులో మాట మార్చి ఎదురుతిరిగాడు. రక్తం మరకల చొక్కా స్వాధీనం చేసుకున్న పంచనామా మీద సంతకాలు పెట్టిన ఇద్దరూ, మమ్మల్ని స్టేషనుకు పిలిపించి పెట్టించారన్నారు. కాబట్టి సంశయ లాభం ముద్దాయిలకు ఇస్తున్నానని జడ్జి రాశారు.

పెద్దాయన ఒక్కో కారణం కింద పెన్సిలుతో గీత గీసి, పక్కన 1, 2, 3 అని వేశారు. కొడుకు ఆ 'మూడు గంటలు' దగ్గర వేలు పెట్టి చాలాసేపు చూశాడు. "ఆ టైము ఆస్పత్రిలో తప్పు రాశారు" అన్నాడు చివరికి.

"అయితే అప్పీలులో చెప్పాల్సింది అది. జడ్జి అమ్ముడుపోయాడని కాదు" అన్నారు పెద్దాయన. కేసు కొట్టేస్తే దెబ్బలు తిన్నవాళ్లు కూడా అప్పీలు చేసుకోవచ్చని, ఆ హక్కు 2009 సవరణతో వచ్చిందని చెప్పి, గీతలు గీసిన నకలును వకీలుకు చూపించమన్నారు. తిట్టుకుంటూ వచ్చిన మనిషి ఏం చేయాలో తెలుసుకుని లేచాడు. 150 రూపాయలకు ఇంత గట్టి సరుకు ఆ వీధిలో మరెక్కడా దొరకదు.

మేం వెళ్లింది మాత్రం తీర్పుతో కాదు, మా అక్కకు వచ్చిన అమెరికా సమన్లతో. మేనల్లుడు న్యూజెర్సీలో ఉంటాడు. అక్క చాలా ఏళ్లు వాడి దగ్గరే ఉండి పౌరసత్వం తీసుకుంది. 55 ఏళ్లు దాటి, గ్రీన్ కార్డుతో పదిహేనేళ్లు అక్కడ ఉన్నవాళ్లకు ఇంగ్లీషు పరీక్ష ఉండదు, ఇంటర్వ్యూ సొంత భాషలో ఇవ్వవచ్చు. అక్క దుబాసీని పెట్టుకుని తెలుగులోనే ఇచ్చింది. మోకాళ్ల వైద్యానికి నల్గొండ వచ్చి ఉండగా, జ్యూరీకి హాజరు కావాలన్న కాగితం ఫొటోను మేనల్లుడు ఫోనుకు పంపాడు. సమన్లు అనగానే అక్కకు చెమటలు పట్టాయి. "నేనెవరికి ఏం అన్యాయం చేశానురా?" అని ఒకటే గోల. నువ్వు ముద్దాయివి కావు, ముద్దాయి దోషో కాదో చెప్పడానికి నిన్ను పిలుస్తున్నారు అంటే భయం ఇంకా పెరిగింది.

ఆన్‌లైన్‌లో ప్రశ్నావళి నింపితే సరిపోతుందని వాడు చెప్పాడు. స్టాంపు పేపరు, నోటరీ ముద్ర లేకుండా కోర్టు నమ్మదని అక్క పట్టుబట్టింది. పక్క దుకాణంలో అఫిడవిట్‌కూ నోటరీకీ కలిపి 800 చెప్పారు. పెద్దాయన ఫొటోను పెద్దది చేసుకుని, కింద చిన్న అక్షరాలతో సహా చదివి, "ఇందులో నోటరీ ఎక్కడ అడిగారమ్మా? మీ అబ్బాయి చెప్పిందే సరి" అన్నారు. నడిచి వచ్చిన గిరాకీని అలా తిప్పి పంపే వ్యాపారిని నేను అరుదుగా చూశాను. నేనైతే కనీసం లామినేషనైనా అంటగట్టేవాణ్ని.

న్యూజెర్సీలో జ్యూరీలో కూర్చోవాలంటే దేశ పౌరులై ఉండాలి, 18 నిండాలి, పిలిచిన కౌంటీలోనే (మన జిల్లా లాంటిది) నివాసం ఉండాలి, ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోగలగాలి. ఓటర్ల జాబితా, డ్రైవింగ్ లైసెన్సులు, పన్ను రిటర్నులు కలిపి అందులోంచి లాటరీ తీసినట్టు పేర్లు తీస్తారు. 75 దాటినవాళ్లు అడిగితే వదిలేస్తారు. అక్కకు ఆ వయసు ఇంకా రాలేదు. కాబట్టి ఇంగ్లీషు రాదన్నదే దారి. మనశ్శాంతి కోసం ఒక ఉత్తరం కూడా జత చేయమని అక్క అడిగితే, పెద్దాయన చెప్పగా మనవడు కొట్టాడు. ఇక్కడే దుకాణం లోపం మొదటిసారి బయటపడింది. 'ఘనత వహించిన న్యాయస్థానం వారి పాదపద్మములకు' ధోరణిలో పేజీన్నర ఇంగ్లీషు తయారైంది. అక్క ఇంటిపేరు పాస్‌పోర్టులో ఒకలా, ఉత్తరంలో ఒకలా పడింది. "మామా, అక్కడ మూడు వాక్యాలు చాలు" అని మేనల్లుడు మొత్తుకున్నాడు. పాదపద్మాలు తీసేయించేసరికి పెద్దాయన ముఖం చిన్నబోయింది. ఉత్తరానికి 100 రూపాయలు. పేరు దిద్ది మళ్లీ ప్రింటు తీసినందుకు ఏమీ తీసుకోలేదు. అక్కకు మినహాయింపు వచ్చింది. ఆ సంగతి అంతే.

కానీ ఆ బెంచీ మీద మొదలైన వాదన అంతటితో ఆగలేదు. ఇక్కడ మాటలకు డబ్బు తీసుకోరు, నా లెక్కలో అదీ సేవలో భాగమే.

నేను అడిగిందల్లా ఒకటే: "ఆ జ్యూరీ ఇచ్చిన తీర్పు నకలు తెచ్చి ఎవరైనా మీ ముందు పెడితే, మీరు ఏం చదువుతారు? 150 ఎలా అడుగుతారు?" అమెరికాలోనైనా, ఇంగ్లండులోనైనా జ్యూరీ లోపలికి వెళ్లి తలుపు వేసుకుంటుంది. బయటికి వచ్చి 'దోషి' అనో, 'దోషి కాదు' అనో అంటుంది. ఎందుకో చెప్పదు. పి.డబ్ల్యూ.3 మాట ఎందుకు నమ్మారు, డాక్టరు రాసిన టైమును ఎందుకు పక్కన పెట్టారు, ఎవరూ అడగకూడదు. ఇంగ్లండులోనైతే ఆ గదిలో జరిగిన చర్చను జ్యూరీ సభ్యుడు బయటపెట్టడం నేరం, రెండేళ్ల దాకా జైలు. అమెరికాలో కేసు ముగిశాక సభ్యులు మాట్లాడవచ్చు, కొందరు పత్రికలకు చెబుతారు కూడా. అయినా అది తీర్పులో భాగం కాదు. నేను బిల్లు లేకుండా మందు డబ్బా అమ్మను. రేపు పంట మాడితే రైతు ఏం పట్టుకుని నన్ను అడగాలి? కారణం రాయని తీర్పు నాకు బిల్లు లేని సరుకే.

మన దగ్గర ఆ బిల్లు ఇచ్చి తీరాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 354వ సెక్షను, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 393వ సెక్షను చెప్పేది అదే: తేల్చాల్సిన అంశాలు ఏమిటి, వాటి మీద నిర్ణయం ఏమిటి, ఆ నిర్ణయానికి కారణాలేమిటి అన్నవి తీర్పులో ఉండాలి. జైలు శిక్ష పడిన ముద్దాయికి నకలు ఉచితంగా ఇవ్వాలి. పెద్దాయన దుకాణం నడిచేదే ఆ సెక్షను మీద. ఈ మాట అంటే ఆయన నవ్వారు గానీ ఒప్పుకోలేదు. డిఫెన్సు వకీలు గుమాస్తా కదా, జ్యూరీ అంటే ఆయనకు అభిమానం.

ఆయన చెప్పిన కథ ఇది. 1670లో లండన్‌లో విలియం పెన్, విలియం మీడ్ అనే ఇద్దరు క్వేకర్లను (క్రైస్తవంలో ఒక శాఖవాళ్లు) వీధిలో జనాన్ని పోగుచేసి మతప్రసంగం చేశారని బోనెక్కించారు. శిక్ష వేయాలని జడ్జీలు ముందే తీర్మానించుకున్నారు. జ్యూరీ ఒప్పుకోలేదు. తిండి లేకుండా గదిలో పెట్టి తాళం వేశారు. అయినా మాట మార్చలేదు. చివరికి నిర్దోషులని చెప్పినందుకు జ్యూరీ సభ్యులకే జరిమానా వేసి జైల్లో పెట్టారు. వాళ్లలో ఎడ్వర్డ్ బుషెల్ అనే ఆయన జరిమానా కట్టనని పైకోర్టుకు వెళ్లాడు. తీర్పు చెప్పినందుకు జ్యూరీని శిక్షించడం చెల్లదని చీఫ్ జస్టిస్ వాన్ తేల్చారు. "సేటూ, ఆ పన్నెండు మందిని కారణం రాయమని ఉంటే ఏం రాసేవారు? రాజుగారి జడ్జి తప్పు అని రాయగలరా? నోరు మూసుకుని కాదు అనగలిగారు కాబట్టే ఆ ఇద్దరూ బతికారు" అన్నారు. ఈ కథ చెబుతున్నంతసేపూ బెంచీ మీద నలుగురు నకళ్లతో ఎదురుచూస్తూనే ఉన్నారు. ఈ విషయం మళ్లీ చెబుతాను.

నా జవాబు తిలక్. 1908లో బొంబాయి హైకోర్టులో రాజద్రోహం కేసు నడిచింది జ్యూరీ ముందే. తొమ్మిది మందిలో ఏడుగురు యూరోపియన్లు, ఇద్దరు మనవాళ్లు. ఏడుగురు దోషి అన్నారు, ఇద్దరు కాదన్నారు. శిక్ష ఆరేళ్లు, బర్మాలోని మాండలే జైల్లో. జ్యూరీలో ఎవరు కూర్చున్నారన్నదే అక్కడ తీర్పు. దీనికి పెద్దాయన వెంటనే జవాబివ్వలేదు, మనవణ్ని టీ చెప్పమన్నారు.

మనవడు టీ చెప్పి వచ్చి, నానావతి కేసుతో మన దేశంలో జ్యూరీ పోయిందిగా తాతా అన్నాడు. చదువుకున్నవాళ్లు కూడా ఇదే నమ్ముతారు. అది పూర్తి నిజం కాదు. 1959 ఏప్రిల్ 27న నేవీ అధికారి కె.ఎం. నానావతి తన భార్య ప్రియుణ్ని కాల్చాడు. బొంబాయి జ్యూరీ 8–1తో దోషి కాదంది. తెలివున్న మనుషులెవరూ ఈ సాక్ష్యం మీద ఇలా చెప్పలేరని సెషన్స్ జడ్జి కేసును హైకోర్టుకు నివేదించారు. హైకోర్టు యావజ్జీవం వేసింది, 1961 నవంబరు 24న సుప్రీంకోర్టు ఖాయం చేసింది. అయితే జ్యూరీ ఎత్తేయాలని లా కమిషన్ 1958లోనే, అంటే ఆ తుపాకీ పేలకముందే సిఫారసు చేసింది. నానావతి తర్వాత కూడా కొన్నిచోట్ల జ్యూరీలు కొనసాగాయి. 1973 నాటి కోడ్ వచ్చి, 1974 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాక పూర్తిగా పోయాయి. పార్సీల విడాకుల కోర్టుల్లో మాత్రం జడ్జి పక్కన జ్యూరీ తరహాలో ఐదుగురు డెలిగేట్లు ఇప్పటికీ కూర్చుంటారు. ఇదంతా పెద్దాయన బీరువాలోంచి పుస్తకం తీయకుండానే చెప్పారు. నేను ఇంటికి వెళ్లి సరిచూసుకున్నాను, తారీకులతో సహా సరిపోయాయి.

ఆ కేసులో నాకు నచ్చింది ఒక్కటే. ఎనిమిది మంది కారణం చెప్పకుండా అన్న మాట నిలవలేదు, ఒక్క జడ్జి కారణాలు రాసి పంపిన కాగితం నిలిచింది. అమెరికాలో అయితే కథ జ్యూరీ దగ్గరే ముగిసేది. అక్కడ జ్యూరీ వదిలేసిన ముద్దాయి మీద సర్కారు అప్పీలుకు పోవడానికి లేదు.

అక్క అప్పటిదాకా వింటూ కూర్చుంది. "ఒక్కణ్ని కొనడం తేలిక. పన్నెండు మందిని ఎవడు కొంటాడురా?" అంది. నేనన్నాను, మన ఊళ్లో పన్నెండు మందిని కొనక్కర్లేదు, వాళ్లలో పెద్దమనిషి అనిపించుకునేవాడు ఒకడు చేతిలో ఉంటే చాలు, మిగతా పదకొండు మంది ఆయన ముఖం చూస్తారు. మిర్యాలగూడ గుర్తు చేశాను. 2018 సెప్టెంబరులో కులం తక్కువవాణ్ని కూతురు పెళ్లాడిందని కిరాయి హంతకులతో చంపించిన కేసు. ఈ జిల్లాలో దాని మీద అభిప్రాయం లేని ఇల్లు లేదు. ఒకరు బ్యానరు కడితే ఇంకొకరు ర్యాలీ తీశారు. జ్యూరీ పెట్టాలంటే ముందే మనసు ఖాయం చేసుకోని పన్నెండు మందిని ఎక్కడి నుంచి తెస్తాం? ఆరున్నరేళ్ల తర్వాత, 2025 మార్చి 10న, నల్గొండ ప్రత్యేక కోర్టులో ఒక్క జడ్జి ఒకరికి ఉరి, మరో ఆరుగురికి యావజ్జీవం వేస్తూ తీర్పు చెప్పారు. ఆ తీర్పుతో ఏకీభవించనివాళ్లు కూడా ఏ కారణంతో విభేదిస్తున్నారో వేలు పెట్టి చూపించవచ్చు. అది కాగితం మీద ఉంది.

దీనికి అక్క అన్నది నేను ఊహించలేదు. "ఆ పన్నెండు మందిలో ఆ పిల్లవాడి కులంవాళ్లు కూడా ఉంటారు కదా. మీ జడ్జిల్లో ఎంతమంది ఉన్నారు?" అంది. పెద్దాయన ఆమె వైపు తిరిగి, "అమ్మా, మీరు మినహాయింపు అడగకుండా ఉండాల్సింది" అన్నారు. ఈ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు, ఉందని బుకాయించను.

మేనల్లుడు ఫోన్లో తన అనుభవం చెప్పాడు. వాడికీ ఒకసారి పిలుపు వచ్చింది. న్యూజెర్సీలో మొదటి మూడు రోజులకు రోజుకు 5 డాలర్లు, నాలుగో రోజు నుంచి 40. మన ఉపాధి కూలీ నయం అన్నాను. హాల్లో కూర్చోబెట్టి, తర్వాత కోర్టు గదిలోకి పిలిచి, మీ ఇంట్లో ఎప్పుడైనా దొంగతనం జరిగిందా, పోలీసుల్లో చుట్టాలున్నారా అని అడిగారట. దొంగతనం జరిగిందన్నాడు, కేసు దొంగతనానిదే కావడంతో ఇంటికి పంపేశారు. ఇంత చేసినా జ్యూరీ దాకా వచ్చే కేసులు అక్కడ కొద్దే. ఫెడరల్ కోర్టుల్లో పదింట తొమ్మిది మంది ముద్దాయిలు బేరమాడి నేరం ఒప్పుకుంటారు. ఇంగ్లండులోనూ క్రిమినల్ కేసుల్లో నూటికి తొంభైకి పైగా జ్యూరీ ముఖం చూడకుండా మేజిస్ట్రేట్ల దగ్గరే ముగుస్తాయి. మిగిలినవాటిలోనూ, మూడేళ్ల లోపు శిక్ష పడే అవకాశం ఉన్న కేసులు చాలావరకు ఒక్క జడ్జితోనే నడపాలని అక్కడి ప్రభుత్వం 2025 డిసెంబరులో ప్రతిపాదించింది. పెండింగు కేసులు పేరుకుపోయాయన్నది కారణం. పెండింగు మాట వినగానే బెంచీ మీదివాళ్లందరూ నవ్వారు.

జ్యూరీ అంటే పన్నెండు మంది ఏకగ్రీవం అనుకుంటాం గానీ, అదీ దేశానికొక తీరు. అమెరికాలో లూసియానా, ఒరెగాన్ రాష్ట్రాలు 10–2తోనూ దోషి అనేవి, 2020లో సుప్రీంకోర్టు మాన్పించింది. ఫ్లోరిడాలో మరణశిక్ష లేని కేసులకు ఆరుగురే. ఇంగ్లండులో 1967 నుంచి 10–2 చాలు. స్కాట్లండులో పదిహేను మంది. వాళ్లలో ఎనిమిది మంది చాలనే పాత లెక్క తీసేసి, మూడింట రెండు వంతులు కావాలని 2025లో చట్టం చేశారు.

నా ఓటు వీటిలో దేనికీ కాదు. జనాన్నీ జడ్జినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టిన దేశాలున్నాయి. జర్మనీ 1924లోనే జ్యూరీని తీసేసింది, ఇప్పుడు మామూలు పౌరులిద్దరు జడ్జి పక్కన కూర్చుని ఆయనతో సమానంగా ఓటు వేస్తారు. జపాన్‌లో 2009 నుంచి పెద్ద నేరాలకు ముగ్గురు జడ్జీలు, ఆరుగురు పౌరులు. దోషి అనాలంటే మెజారిటీలో కనీసం ఒక జడ్జి ఉండాలి. ఫ్రాన్సులోనూ ముగ్గురు జడ్జీలు, ఆరుగురు జనం. 2011 చట్టం తర్వాత అక్కడ కారణాల పత్రం కూడా రాయాలి. స్పెయిన్‌లో జ్యూరీ తొమ్మిది మందే అయినా, ఏ సాక్ష్యం నమ్మారో, ఎందుకు నమ్మారో క్లుప్తంగానైనా రాయకపోతే తీర్పు నిలవదు. జనం కూర్చోవాలంటే కూర్చోనివ్వండి, అక్క ప్రశ్నకూ అదే దారి. కాగితం మాత్రం చేతికి ఇవ్వండి. పెద్దాయన స్పెయిన్ పద్ధతి విని, "అయితే అక్కడ కూడా నా దుకాణం నడుస్తుంది" అన్నారు. ఆ రోజుకు అదే మా రాజీ.

ఇక లోపాలు. జిరాక్స్ మిషను ప్రతి పేజీ మీదా ఎడమ పక్కన నల్లగీత వేస్తుంది, ఆ గీత కింద పేరా నంబర్లు కనిపించవు. ట్యూబులైటు ఒక్కటే, అదీ రెపరెపలాడుతుంది. మాటల్లో పడితే ఆయనకు గిరాకీ గుర్తుండదు. బుషెల్ కథ నాకు నచ్చింది గానీ, బస్సు అందుకోవాల్సిన నలుగురు దాని కోసం అరగంట కూర్చోవడం న్యాయం కాదు.

పెద్ద లోపం వేరే ఉంది. ఆయన చదివేటప్పుడు ముద్దాయి పక్షం వహిస్తారు. శిక్ష పడిన తీర్పు చదువుతూ ప్రాసిక్యూషన్‌కు అనుకూలమైన పేరాలు వచ్చినప్పుడు గొంతు తగ్గించి వేగం పెంచుతారు. "ఇక్కడ జడ్జిగారు కాస్త తొందరపడ్డారు" అని తన మాట చేరుస్తారు. ఆ మాట జడ్జి రాసిందో, ఈయన చెప్పిందో చదువురాని మనిషికి ఎలా తెలుస్తుంది? ఏది తీర్పు, ఏది నా మాట అని విడిగా చెప్పమని ముఖం మీదే అన్నాను. సరే అన్నారు. పక్క మనిషి నకలుకు మళ్లీ అలాగే చదివారు. అందుకే ఐదులో నాలుగే ఇస్తున్నాను.

సివిల్ తీర్పులు తీసుకెళ్లకండి. మా భాగపంపకాల దావా నకలు చూపిస్తే ప్రిలిమినరీ డిక్రీ దగ్గరే తడబడ్డారు. తనకు అలవాటు లేదని నిజాయితీగా ఒప్పుకుని, డబ్బు తీసుకోకుండా వేరొకరి దగ్గరికి పంపారు. క్రిమినల్ తీర్పులకు మాత్రం కళ్లు మూసుకుని వెళ్లవచ్చు.

సాయంత్రం కోర్టు లేచాక వెళ్తే రద్దీ తక్కువ. మధ్యాహ్నం భోజనానికి మూసేస్తారు, ఎంతసేపన్నది ఆయన నిద్రను బట్టి. ఫోన్‌పే ఉంది. తీర్పుకైతే అసలు నకలే తీసుకెళ్లండి, మా సమన్లలా ఫోన్లో ఫొటో చూపిస్తే చదవరు. చివరి పేజీ వెనుక దరఖాస్తు ఇచ్చిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ ముద్రలు ఉంటాయి. శిక్ష మీద అప్పీలుకు సెషన్స్ కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 60 రోజులే గడువు. నకలు తయారీకి పట్టిన రోజులను అందులోంచి మినహాయిస్తారు. పెద్దాయన ముందు లెక్కవేసేది ఆ రోజులనే. గడువు తేదీని నకలు మీద పెద్ద అక్షరాలతో రాసిస్తారు, దానికి విడిగా డబ్బు అడగరు.